38 డైవ్‌లతో హామర్‌హెడ్ గుంపును చూడటానికి వెళ్ళొచ్చా?

#1 నీటికోడి

అందరికీ నమస్కారం. ఇన్నాళ్ళూ ఈ స్కూబా డైవింగ్ ఫోరంలో చదవడమే తప్ప రాసింది లేదు. నా లెక్క ఇదీ: 38 డైవ్‌లు, అడ్వాన్స్‌డ్ కార్డు, ఇప్పటిదాకా దిగిన ఎక్కువ లోతు 29 మీటర్లు. అన్నీ వెచ్చటి, నిమ్మళమైన నీళ్ళే. తాబేళ్ళు, ఈల్స్, ఒకసారి ఇసుక మీద పడుకున్న చిన్న రీఫ్ షార్క్. అంతే.

నెల క్రితం హామర్‌హెడ్ సొరచేపల వీడియో ఒకటి చూశాను. కింది నుంచి తీశారు. వందల కొద్దీ సుత్తి తలలు పై వెలుతురుకు అడ్డంగా నల్లగా సాగిపోతున్నాయి. అప్పటినుంచి ఇంకో ధ్యాస లేదు. తెలిసినవాళ్ళు గలాపగోస్ లైవ్‌అబోర్డ్‌లో (రోజుల తరబడి అందులోనే ఉంటూ డైవ్ చేసే పడవ) రెండు సీట్లు ఖాళీ ఉన్నాయంటున్నారు. ఇంకొకాయన హామర్‌హెడ్ అంటే కోకోస్ దీవే అంటున్నాడు. వెళ్ళొచ్చా? ఇంకో చిక్కేమిటంటే, మా ఆవిడకు ఈత బాగా వచ్చు కానీ డైవింగ్ మాత్రం వద్దంటుంది. తనకూ ఏదో ఒకటి కనబడాలి, లేకపోతే ఈ ట్రిప్‌కు ఇంట్లో అనుమతి రాదు.

#2 బుడగలరాయుడు

వెళ్ళిపోండి అన్నా! 38 ఏం తక్కువ కాదు. నేను పాతిక డైవ్‌లప్పుడే గట్టి కరెంట్‌లో, అదే నీటి ప్రవాహంలో, దిగాను. ఏమీ కాలేదు.

#3 పాతఫిన్స్

రాయుడు గారూ, మీకేమీ కాలేదంటే ఆ రోజు సముద్రం మంచి మూడ్‌లో ఉందని అర్థం. ఈజిప్టులో బ్రదర్స్, డెడాలస్ లాంటి దూరపు రీఫ్‌లకు లాగ్‌బుక్‌లో 50 డైవ్‌లు ఉండాలని నియమం పెట్టింది ఊరికే కాదు.

నీటికోడి గారూ, గలాపగోస్‌లో మీరు వీడియోలో చూసిన దృశ్యం దొరికేది ఉత్తరాన విడిగా ఉన్న వూల్ఫ్, డార్విన్ దీవుల దగ్గర. మిగతా దీవుల నుంచి ఒక రాత్రంతా పడవలో పోవాలి. డార్విన్ ఆర్చ్ అని రాతి తోరణం ఉండేది కదా, అది 2021 మే 17న కూలిపోయింది, ఇప్పుడు రెండు స్తంభాలే మిగిలాయి. నేను వెళ్ళింది తోరణం ఉన్న రోజుల్లో. డైవ్ ఎలా ఉంటుందో చెబుతాను, మీరే తేల్చుకోండి.

చిన్న రబ్బరు పడవలో అంచు మీద కూర్చుంటారు. అలకు పడవ లేస్తుంది, పడుతుంది. ఒకటి, రెండు, మూడు అనగానే అందరూ ఒకేసారి వెనక్కి పడాలి. బీసీడీలో, అంటే ఒంటికి తొడుక్కునే గాలి జాకెట్‌లో, గాలి ఉండకూడదు, నేరుగా కిందికి పోవాలి. దీన్నే నెగటివ్ ఎంట్రీ అంటారు. మాస్క్ సర్దుకుంటాను, చెవులు నొప్పి పుట్టాయి ఆగండి అంటే కుదరదు. ఆ అర నిమిషంలో ప్రవాహం మిమ్మల్ని రీఫ్ దాటించేస్తుంది. కిందికి చేరాక రాయి పట్టుకుని కూర్చోవాలి. ఆ రాళ్ళ నిండా బార్నకిల్స్, అంటే రంపపు పళ్ళలా కోసే గుల్లలు. నా ఎడమ చేతి గ్లోవ్ మొదటి రోజే రెండు వేళ్ళ దగ్గర చిరిగింది. ప్రవాహం ఎంత బలంగా ఉందంటే, తల పక్కకు తిప్పితే మాస్క్ వణికేది. బుడగలు పైకి పోవడం మానేసి అడ్డంగా పోయేవి.

అప్పుడొచ్చాయి. మొదట ఒకటి, ఆ వెనక ముసుగులోంచి బయటికొచ్చినట్టు పదులు. హామర్‌హెడ్‌లు అక్కడికి వచ్చేది ఒళ్ళు శుభ్రం చేయించుకోవడానికి. పసుపు రంగు బార్బర్‌ఫిష్‌లు రీఫ్ మీద కాచుకుని ఉంటాయి. సొర కొంచెం పక్కకు వాలి వేగం తగ్గిస్తుంది, ఇవి ఎగబడి చర్మం మీది పరాన్నజీవుల్ని తినేస్తాయి. నా ముందు ఒకటి నాలుగు మీటర్ల దూరం దాకా వచ్చింది. దాని కంటి కింద చర్మం మీద గీతలు కూడా కనిపించాయి. సరిగ్గా అప్పుడే పక్కాయన కంగారులో గుప్పున ఊపిరి వదిలాడు. బుడగల చప్పుడుకు మొత్తం గుంపు గిరుక్కున తిరిగి మాయమైపోయింది. చూడ్డానికి భీకరంగా ఉంటాయి గానీ ఇంత పిరికి సొరల్ని నేను చూడలేదు.

అక్కడ మెల్లగా ఊపిరి పీల్చడం రావాలి. చలి, కరెంట్, టెన్షన్ మూడూ ఉన్నప్పుడు కూడా రావాలి. 38 డైవ్‌లవారికి అది అసాధ్యమని అనను. కానీ నిమ్మళమైన నీళ్ళలో చేసిన 38 డైవ్‌లకు అది కష్టం.

కోకోస్ కథ కూడా ఇంచుమించు అంతే. కోస్టారికా తీరం నుంచి దాదాపు 550 కిలోమీటర్లు, పడవలో సుమారు 36 గంటలు. అక్కడ ఏదైనా అయితే ఆసుపత్రికి కూడా అవే 36 గంటలు.

#4 నీటికోడి

చదువుతుంటేనే చెవులు నొప్పి పుట్టాయి 🙂 మరి ఏం నేర్చుకుని వెళ్ళాలి? ఎన్ని డైవ్‌లని కాదు, ఏమేం రావాలి?

#5 లోతుకొలత

మంచి ప్రశ్న. నేను శిక్షకుణ్ణి కాబట్టి నా చాదస్తం కొంచెం భరించండి.

అన్నిటికన్నా ముందు ఎస్‌ఎంబీ, అదే మనం ఎక్కడున్నామో పడవకు కనబడేలా గాలి నింపి పైకి వదిలే ఆ పొడుగాటి నారింజ రంగు గొట్టం. ఐదు మీటర్ల దగ్గర, కింద నేల కనబడని చోట, పట్టుకోవడానికి ఏమీ లేనప్పుడు, లోతు మారకుండా దాన్ని వదలగలరా? పూల్‌లో చేశానంటే లెక్కలోకి రాదు. నా దగ్గరికి వచ్చేవారిలో వంద డైవ్‌లున్నవాళ్ళు కూడా రీల్ తాడు కాలి ఫిన్‌కు చుట్టుకుని గొట్టంతో పాటు తామూ పైకి లేస్తారు. కనీసం ఇరవై సార్లు చేయండి.

తర్వాత నైట్రాక్స్ (ఆక్సిజన్ పాళ్ళు పెంచిన గాలి) కార్డు. రోజుకు మూడు నాలుగు డైవ్‌లు, వారం పాటు, అన్నీ 20-30 మీటర్ల మధ్య అంటే మామూలు గాలితో నో-డెకో సమయం, అంటే మధ్యలో తప్పనిసరిగా ఆగక్కర్లేకుండా పైకి రాగలిగే గడువు, ఇట్టే అయిపోతుంది. 32 శాతం ఆక్సిజన్ మిశ్రమంతో అది బాగా పెరుగుతుంది. కానీ దానికి లోతు హద్దుంది, ఆక్సిజన్ పీడనం 1.4 దాటకూడదన్న లెక్కన సుమారు 34 మీటర్లు. హామర్‌హెడ్‌లు ఊరించి కిందికి లాక్కుపోయేది కచ్చితంగా ఆ హద్దు దగ్గరికే. నడి సముద్రపు నీలంలో నేల కనబడదు కాబట్టి ఎంత దిగామో ఒంటికి తెలియదు. ప్రతి అర నిమిషానికి ఒకసారి లోతు చూపే డైవ్ కంప్యూటర్ చూసే అలవాటు చేసుకోండి.

ఇక డౌన్ కరెంట్, అంటే కిందికి లాగే ప్రవాహం. బుడగలు మీకన్నా కిందికి పోతుంటే మీరు అందులో ఉన్నట్టే. దానికి ఎదురు ఈదొద్దు, గోడకు దూరంగా అడ్డంగా ఈది బయటపడాలి. బీసీడీలో గాలి కొడితే, ప్రవాహం వదలగానే రాకెట్‌లా లేస్తారు, వెంటనే గాలి తీసేయాలి. ఇది పుస్తకంలో చదివితే రాదు, తెలిసిన గైడ్‌తో ఓ మాదిరి ప్రవాహంలో దిగితేనే వస్తుంది.

#6 ఉప్పుగాలి

మొదటి ట్రిప్‌లోనే హామర్‌హెడ్ ఎందుకండీ? ఫిలిప్పీన్స్‌లో మలపాస్కువా వెళ్ళండి, థ్రెషర్ షార్క్ చూడండి. నన్నడిగితే అందంలో దాని తర్వాతే ఎవరైనా.

తెల్లవారకముందే పడవెక్కుతాం. నీళ్ళలోకి దిగేటప్పటికి పైన ఇంకా బూడిద రంగే. టార్చ్ వేయనివ్వరు, కెమెరా ఫ్లాష్ వేయనివ్వరు, ఎందుకంటే అది లోతు చీకట్లో బతికే జంతువు, అందుకే ఆ పెద్ద కళ్ళు. రీఫ్ అంచున తాడు వెనక మోకాళ్ళ మీద కూర్చున్నాం. పదిహేను నిమిషాలు ఏమీ లేదు. నాకు నిద్రే వస్తోంది. ఇంతలో ఎవరో వెండి రిబ్బన్ లాగినట్టు అయింది. మొదట తోక కనబడింది. ఒంట్లో సగం తోకే. ఆ తర్వాత ముందున్న మొహం చూశాను, ఏదో వినరాని మాట విన్నట్టు ఎప్పుడూ ఆశ్చర్యంగానే ఉంటుంది. ఆ తోకను కొరడాలా ఝళిపించి చేపల్ని కొట్టి తింటుందంటే అప్పటికి నమ్మకం కుదిరింది.

ఒకప్పుడు అందరూ మోనాడ్ షోల్ అనే నీటి కింది దిబ్బకు వెళ్ళేవారు. అక్కడ టైగర్ షార్క్‌లు తిరగడం మొదలయ్యాక థ్రెషర్లు కిముద్ షోల్ వైపు జరిగాయి. అక్కడ అంత లోతు కూడా ఉండదు. మీ 38 డైవ్‌లకు సరిగ్గా సరిపోతుంది.

#7 ఒడ్డుకుదూరం

ఎస్‌ఎంబీ గురించి లోతుకొలత గారు చెప్పింది నా అనుభవం మీద ముద్ర వేసి చెబుతాను. ఎక్కడ, ఏ పడవ అన్నది వద్దు.

నలుగురం పైకి తేలాం. పడవ లేదు. అంటే ఉంది, కానీ మేం వచ్చే దిక్కు అది కాదనుకుని అవతలి వైపు వెతుకుతోంది. అల ఒకటిన్నర మీటర్లు ఉంటుంది. అల మీదికి లేచినప్పుడు పడవ కనబడుతుంది, దిగితే చుట్టూ నీటి గోడే. నా ఎస్‌ఎంబీ సగమే నిండింది, వడలిన మొక్కలా వాలిపోయింది. ఈల వేస్తే గాలి మింగేసింది. నలుగురం బీసీడీల పట్టీలు ఒకరివొకరం పట్టుకున్నాం, విడిపోతే వెతకడానికి నలుగురవుతాం కదా. 50 నిమిషాలు. చివరికి ఒకావిడ తన సిగ్నల్ అద్దం తీసి ఎండను పడవ వైపు తిప్పింది. అరచేతిలో పట్టే అద్దం.

ఆ తర్వాత నేను కొన్నది నీటిలోకి తీసుకెళ్ళగలిగే జీపీఎస్ రేడియో బీకన్. నొక్కితే మనం ఎక్కడున్నామో చుట్టుపక్కల పడవల తెరల మీద కనబడుతుంది. కొన్ని లైవ్‌అబోర్డ్‌లు వాళ్ళే ఇస్తారు. ఇస్తారా లేదా అని సీటు తీసుకునే ముందు అడగండి. ఆ అద్దం కూడా ఇంకా జేబులోనే ఉంది.

#8 బుడగలరాయుడు

సరే, హామర్‌హెడ్ వద్దు. కచ్చితంగా పెద్ద సొర కనబడాలంటే మాల్దీవుల దక్షిణాన ఫువహ్ములా. టైగర్ షార్క్‌లు హార్బర్ నోటి దగ్గరే తిరుగుతాయి. లోతు పెద్దగా ఉండదు. ఒక్కొక్కటీ కారంత. అక్కడ విడివిడిగా గుర్తుపట్టినవే 200కు పైగా ఉన్నాయట. గ్యారంటీ!

#9 గవ్వలసంచి

గ్యారంటీ ఎందుకో కూడా చెప్పండి మరి. చేప ముక్కలు వేస్తారు కాబట్టి. అది డైవింగ్ కాదు, హోటల్ వెనక వాకిట్లో కుక్కల్ని చూడ్డం. ఫిలిప్పీన్స్ ఒస్లోబ్‌లో వేల్ షార్క్‌లకు రోజూ మేత వేసి వేసి ఏం చేశారో చూడండి. పడవ కనబడితే చాలు నోరు తెరుచుకుని నిలువుగా లేస్తాయి. వలస పోవలసినవి నెలల తరబడి అక్కడే తచ్చాడుతున్నాయి. పడవలకు రాసుకుని ఒంటి మీద గాట్లు. ఫ్లోరిడా తన జలాల్లో సొరలకు మేత వేసి డైవ్ చేయించడాన్ని 2001లోనే నిషేధించింది.

#10 పాతఫిన్స్

ఒస్లోబ్ విషయంలో మీతోనే ఉన్నానండి. కానీ అన్నీ ఒక గాటన కట్టలేం. ఫువహ్ములాలో మత్స్యకారులు చేప వ్యర్థాల్ని నీళ్ళలో వేయడం డైవర్లు రాకముందు నుంచీ ఉంది, సొరలు దానికే అలవాటుపడ్డాయి. బహామాస్ టైగర్ బీచ్‌లో మేత అలవాటైన సొరల్ని, ఫ్లోరిడాలో ఆ అలవాటు లేనివాటిని శాటిలైట్ ట్యాగులతో పోల్చి 2012లో ఒక అధ్యయనం వచ్చింది. మేత తినేవి అక్కడే పడి ఉంటాయనుకున్నారు. చూస్తే బహామాస్‌వే ఇంకా దూరాలు తిరిగాయి. జాతిని బట్టి, వేసే పద్ధతిని బట్టి ఫలితం మారుతుంది.

డబ్బు సంగతీ ఉంది. పలావ్‌లో ఒక రీఫ్ షార్క్ బతికుండగా పర్యాటకం ద్వారా దాదాపు 19 లక్షల డాలర్లు తెస్తుందని 2011లో లెక్కగట్టారు. చంపి అమ్మితే వచ్చేది వంద డాలర్ల పైచిలుకు. ప్రపంచంలో మొదటి సొరల అభయారణ్యం 2009లో పలావ్‌లోనే వచ్చింది. మాల్దీవులు 2010లో సొర వేటను ఆపేశాయి. ఆ నిషేధం లేకపోతే ఈ రోజు మనం వాదించుకోవడానికి ఫువహ్ములాలో సొరలే ఉండేవి కావేమో.

#11 గవ్వలసంచి

డాలర్ల కోసం మంచిపని చేస్తే డాలర్లు పోయిన రోజు మంచిపనీ పోతుంది. మెక్సికో 2023లో గ్వాడలూప్ దీవి దగ్గర గ్రేట్ వైట్ సొరల్ని చూసే పంజరం డైవింగ్ మొత్తం మూసేసింది. ఎర కోసం వచ్చిన సొరలు పంజరాల్లో ఇరుక్కున్న సంఘటనలు అందరం చూశాం. నా మట్టుకు నేను మేత వేసే చోట దిగను. ఫ్రెంచ్ పాలినీషియాలో ఫకరవా దక్షిణ పాస్‌కు వెళ్ళి చూడండి, ఎవరూ ఏమీ వేయరు. గ్రూపర్ చేపలు గుడ్లు పెట్టడానికి గుమిగూడే రోజుల్లో, ఒక్క ఇరుకు కాలువలో 700 దాకా గ్రే రీఫ్ షార్క్‌లు.

#12 నిర్వాహకుడు

మేత చర్చకు ఇప్పటికే వేరే థ్రెడ్ ఉంది. అక్కడ కొట్టుకోండి. ఇక్కడ నీటికోడి గారి ప్రశ్నకు రండి.

#13 నీటికోడి

నిజానికి ఆ వాదన నాకు పనికొచ్చింది. కానీ మా ఆవిడ వెనక నిలబడి మొత్తం చదివేసింది. ఇప్పుడు కొత్త ప్రశ్న: "ఇవి మనుషుల్ని ఏమీ చేయవా?" ఏం చెప్పమంటారు?

#14 లోతుకొలత

నిజం చెప్పండి. ప్రపంచం మొత్తం మీద రెచ్చగొట్టకుండా సొర కరిచిన ఘటనలు ఏడాదికి 60-70 దాకా ఉంటాయి. అందులో ఎక్కువ మంది సర్ఫర్లు, ఈతగాళ్ళు. డైవర్ల వాటా చాలా తక్కువ. తక్కువే గానీ సున్నా కాదు. 2017 నవంబరులో కోకోస్‌లో పైకి వస్తున్న ఒక డైవర్ టైగర్ షార్క్ దాడిలో చనిపోయారు. ఇది దాచి ట్రిప్‌కు తీసుకెళ్ళడం మంచిది కాదు.

డైవర్లకు నిజంగా ప్రాణం మీదికి తెచ్చేవి వేరే: గుండె జబ్బు, గాలి అయిపోవడం, కంగారులో పైకి దూసుకురావడం. నేను శిష్యుల గుండె రిపోర్టుల గురించి అడిగినన్ని సార్లు సొరల గురించి అడగను.

నీళ్ళలో సొర ఒళ్ళు చదవడం నేర్చుకోండి. గ్రే రీఫ్ షార్క్ వీపు విల్లులా వంచి, పక్క రెక్కలు కిందికి దించి, బిగుసుకుపోయినట్టు అటూ ఇటూ ఊగుతూ ఈదితే, "ఇది నా చోటు, పో" అని అర్థం. ఫొటో తీయకుండా మెల్లగా వెనక్కి జరగండి. ఫ్లాష్ కొట్టారంటే మీ ఖర్మ. టైగర్ షార్క్ దగ్గర మాత్రం వీపు చూపించొద్దు. అది మీ మొహం చూస్తుందో వీపు చూస్తుందో కనిపెడుతుంది. నిలువుగా ఉండి, దాని వైపే తిరుగుతూ ఉండాలి. చేతులు ఊపొద్దు.

#15 ఉప్పుగాలి

ఆవిడ సంగతి నాకు వదిలేయండి. పెద్ద జంతువుల్లో సగం అసలు ట్యాంక్ లేకుండానే బాగా కనబడతాయి. మాల్దీవుల్లో బా అటాల్ (ఉంగరంలాంటి పగడపు దీవుల వరుస) లోని హనీఫారు అఖాతంలో 2012 నుంచి స్కూబాకు అనుమతే లేదు, స్నార్కెల్ మాత్రమే, అంటే గొట్టంతో ఊపిరి పీలుస్తూ నీటి పైనే ఈదడం. జూన్ నుంచి నవంబరు మధ్య ప్లాంక్టన్, అంటే నీటిలో తేలే చిన్న జీవులు, అక్కడికి కొట్టుకొస్తే మాంటాలనే పెద్ద రెక్కల చేపలు పదుల్లో వస్తాయి, ఒకదాని తోక ఒకటి పట్టుకున్నట్టు గుండ్రంగా తిరుగుతూ మేస్తాయి. ఆస్ట్రేలియా నింగలూలో వేల్ షార్క్‌లకూ స్నార్కెలే. పైన చిన్న విమానం తిరిగి ఎక్కడున్నాయో పడవకు చెబుతుంది. టోంగాలో హంప్‌బ్యాక్ తిమింగలాల దగ్గరా అంతే.

మీ ఇద్దరికీ కలిసి రావాలంటే మాల్దీవుల్లో దక్షిణ ఆరి అటాల్. వేల్ షార్క్‌లు ఏడాదంతా ఉంటాయి, దాదాపు అన్నీ కుర్ర మగవే, నాలుగైదు నుంచి ఏడు మీటర్లు. మీకు ఆరి అటాల్‌కు ఉత్తరాన ఉన్న రస్దూలో తెల్లవారు డైవ్‌కు అదృష్టం ఉంటే హామర్‌హెడ్‌లు. ఒక చిట్కా: వేల్ షార్క్ ఎడమ పక్క మొప్పల వెనక మచ్చల్ని ఫొటో తీయండి. మన వేలిముద్రల్లాగే ఒక్కోదానికి ఒక్కో తీరు. వాటిని పోల్చడానికి ఆకాశంలో నక్షత్రాల్ని పోల్చే లెక్కనే వాడతారు.

#16 ఒడ్డుకుదూరం

వెళ్ళేది లైవ్‌అబోర్డ్ అయితే మొదటి రాత్రి చేయాల్సిన పని ఒకటుంది. మంచం మీంచి లేచి, కళ్ళు మూసుకుని, బయటికి దారి తడుముకుంటూ వెళ్ళండి. అత్యవసర ద్వారం మూత మీ చేత్తో తెరిచి చూడండి. 2019 సెప్టెంబరులో కాలిఫోర్నియా తీరంలో ఒక డైవింగ్ పడవ రాత్రిపూట తగలబడి 34 మంది చనిపోయారు, కింది గదిలో నిద్రపోతూ. కాపలాకు ఎవరూ మేలుకుని లేరు. అందుకే నేను ఎక్కగానే "రాత్రి కాపలా ఎవరు?" అని అడుగుతాను. మొహాలు చూసుకుంటే దిగిపోతాను. కెమెరా బ్యాటరీలు పడుకునే గదిలో ఛార్జింగ్ పెట్టొద్దు, పక్కవాడు పెట్టినా ఊరుకోవద్దు.

#17 నీటికోడి

ఐదు నెలల తర్వాత మళ్ళీ వచ్చాను. గలాపగోస్ సీట్లు వదిలేశాం. దక్షిణ ఆరి, రస్దూ వెళ్ళొచ్చాం. వెళ్ళేముందు ఎస్‌ఎంబీ ఇరవై కాదు, ఇరవై ఆరు సార్లు వదిలాను. మొదటి పదిసార్లు తాడు ఫిన్‌కే చుట్టుకుంది, లోతుకొలత గారికి దండం.

రస్దూలో మూడు తెల్లవారు డైవ్‌లు. మొదటి రోజు నీలం, నీలం, నీలం. రెండో రోజూ అంతే. మూడో రోజు 27 మీటర్ల దగ్గర గైడ్ ట్యాంక్ మీద తట్టి కిందికి చూపించాడు. బాగా కింద నాలుగు నీడలు. సుత్తి తలలని తెలిసిందల్లా అవి పక్కకు తిరిగినప్పుడే. నాకు తెలియకుండానే దిగుతున్నాను. గైడ్ నా ఫిన్ పట్టుకుని ఆపాడు. కంప్యూటర్ చూస్తే 29.6. అక్కడ హద్దు 30. నీలంలో లోతు తెలియదని ఇక్కడ చదివి తలాడించినవాణ్ణే నేను.

నేను అలా నీడల్ని వెతుక్కుంటుంటే, మరుసటి రోజు పొద్దున మా ఆవిడ లైఫ్ జాకెట్ కూడా లేకుండా స్నార్కెల్‌తో దిగి, ఆరు మీటర్ల వేల్ షార్క్ పక్కన పావుగంట ఈదింది. నేను అప్పుడు ఇంకో పడవలో ట్యాంక్ బిగించుకుంటున్నాను. "దాని కన్ను చిన్నది, నన్ను చూసి లోపలికి లాక్కుంది" అని ఇప్పటికి ముప్పైసార్లు చెప్పింది. నమ్మలేదు. వెతికితే నిజమే, అది కన్ను లోపలికి లాక్కోగలదట, కనుగుడ్డు మీద కూడా పళ్ళలాంటి పొలుసులు ఉంటాయని 2020లో జపాన్ పరిశోధకులు కనిపెట్టారట. మచ్చల ఫొటో తనే తీసింది. వాటిని పోల్చేవాళ్ళకు పంపించాం. అంతకుముందే చాలాసార్లు గుర్తుపట్టిన మగ సొరేనని జవాబొచ్చింది. ఆవిడకు కొంచెం నిరాశ, కొత్తదైతే పేరు పెట్టొచ్చనుకుంది.

చివరి డైవ్‌కూ విమానానికీ మధ్య 18 గంటలు ఉంచాం. ఆ ఖాళీ రోజున ఆవిడ అడిగింది, ఓపెన్ వాటర్, అదే డైవింగ్ మొదటి కోర్సుకు ఎన్నాళ్ళు పడుతుందని.

#18 ఉప్పుగాలి

హహ్హ. ఇంక అనుమతి ఆవిడ దగ్గర మీరు తీసుకోనక్కర్లేదు, ఆవిడే టికెట్లు తీస్తుంది.

#19 నీటికోడి

ఇప్పటికి 52 డైవ్‌లు. కోకోస్ గురించి వచ్చే ఏడాది మళ్ళీ అడుగుతాను. ఈలోగా పాతఫిన్స్ గారూ, ఆ బార్నకిల్స్‌కు చిరగని గ్లోవ్స్ ఏవైనా ఉన్నాయా?

#20 పాతఫిన్స్

లేవు. రెండు జతలు పట్టుకెళ్ళండి.